ఆకలి, మెలకువ పనిచేయని పూట

కొలనోస్కోపీకి, అంటే స్కోపు అనే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, తేదీ ఇచ్చినప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక కాగితం చేతిలో పెడతారు. ముందు రోజు ఏం తినాలి, పొడిని ఎన్ని గంటలకు నీళ్లలో కలుపుకోవాలి, ఎప్పటినుంచి నోట్లో ఏమీ వేసుకోకూడదు, వెంట ఎవరిని తెచ్చుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. రాసినవన్నీ సరైనవే. కాకపోతే ఆ కాగితం చాలాచోట్ల షుగరు లేని, నిద్రలో ఊపిరి ఆగని మనిషిని ఉద్దేశించి రాసింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. ఆ రెండూ కలిసి ఒకే మనిషిలో ఉండటం కూడా అరుదేమీ కాదు. మెడ, పొట్ట దగ్గర చేరే కొవ్వు రెంటికీ దారి తీస్తుంది. రాత్రంతా ఊపిరి ఆగుతూ సాగుతూ ఉంటే ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, పొద్దున పరగడుపు షుగరు పెరుగుతుంది.

మామూలు రోజుల్లో ఈ మనిషిని శరీరమే రెండు విధాలుగా కాపాడుకుంటుంది. షుగరు పడిపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, గట్టిగా ఆకలేస్తుంది. వెంటనే ఏదో ఒకటి తింటాడు. నిద్రలో గొంతు మూసుకుపోతే మెదడు అరక్షణం మేలుకుని గొంతు కండరాలను బిగిస్తుంది; ఒక్క ఉదుటున గాలి పీల్చుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. కొలనోస్కోపీ పూట ఈ రెండూ పనిచేయవు. ఆకలేసినా తినడానికి లేదు. మత్తు ఇచ్చాక మెదడు మేలుకోదు. శరీరం చేసుకునే ఆ పనిని ఆ పూటకు ఇంకెవరో చేయాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది వారం ముందే తేలాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

చిక్కేమిటంటే, మాత్రలు రాసే షుగరు డాక్టరు ఒకచోట ఉంటారు, పరీక్ష చేసే గ్యాస్ట్రో డాక్టరు మరోచోట. మత్తు డాక్టరునైతే చాలాసార్లు ఆ పొద్దున గౌను వేసుకుని బల్ల మీద పడుకోబోతుండగానే మొదటిసారి చూస్తాం. ముగ్గురికీ తెలియాల్సిన విషయాలను మోసుకెళ్లేది రోగీ, వెంట వెళ్లే మనిషీ మాత్రమే.

ముందు పేగు సంగతి చూద్దాం. పెద్దపేగు దాదాపు మీటరున్నర పొడవుంటుంది. దాని లోపలి గోడ మీద పుట్టే పాలిప్స్ అనే చిన్న బుడిపెల్లో కొన్ని ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సరుగా మారతాయి. వాటిని కనిపెట్టి అక్కడికక్కడే కత్తిరించేయడం ఈ పరీక్ష గొప్పతనం. అయితే చదునుగా గోడకు అంటుకుని ఉండే పాలిప్ కొద్దిపాటి మలం చాటున కూడా దాగిపోతుంది. అందుకే డాక్టర్లు పేగును మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం శుభ్రతకు 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే పరీక్షను నమ్మొచ్చు. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లలో పేగును కదిలించే నరాలు మందగించి మలబద్ధకం ఉంటుంది, అందువల్ల వాళ్లకు ఈ మార్కులు తగ్గే అవకాశం ఎక్కువ. మలబద్ధకం ఉంటే ఆ మాట తేదీ తీసుకునేటప్పుడే చెప్పాలి. రెండు మూడు రోజుల ముందునుంచే తేలికపాటి విరేచన మందు మొదలుపెడతారు.

పీచు తగ్గించడం కూడా అప్పుడే మొదలవ్వాలి. తెల్లన్నం, ఇడ్లీ, మజ్జిగ, గుడ్డు ఫరవాలేదు. ఆకుకూరలు, జామకాయ, టమాటా గింజలు, నువ్వులు, రాగులు వద్దు. షుగరు ఉందని రాగిసంకటికో ముడిబియ్యానికో అలవాటు పడినవాళ్లకు ఈ రెండు మూడు రోజులు తెల్లన్నం తినమనడం తలకిందులుగా అనిపిస్తుంది, కానీ తప్పదు. కొలత తగ్గించుకుని తినాలి. తాలింపులో వేసిన ఆవాలు కూడా తీసేయాలి. స్కోపులో నీళ్లను, మలినాన్ని బయటికి లాగే సన్నటి దారి ఒకటి ఉంటుంది. గింజలు దానికి అడ్డంపడితే డాక్టరు చూడటం మానేసి గొట్టం శుభ్రం చేసుకుంటూ కూర్చోవాలి.

ఇక నీళ్లలో కలుపుకునే పొడి. మన దగ్గర ఎక్కువగా వాడేది పాలీఇథిలీన్ గ్లైకాల్, దాంతోపాటు కొన్ని లవణాలు. 1980లో డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం ఈ మిశ్రమాన్ని రూపొందించింది. అంతకుముందు వాడిన మందులు శరీరంలోంచి నీళ్లను, ఉప్పులను పేగులోకి లాగేసి మనిషిని నీరసపరిచేవి. పాలీఇథిలీన్ గ్లైకాల్ రక్తంలోకి ఇంకదు, తనతో వెళ్లిన నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది. లవణాలు సరిగ్గా తూచి కలిపినవి కాబట్టి శరీరంలోంచి పోయేది, శరీరంలోకి చేరేది దాదాపు సమానం. షుగరు ఉన్నవాళ్లకు ఇది రెండు విధాల మేలు: దానివల్ల షుగరు పెరగదు, మూత్రపిండాల మీద భారం తక్కువ. సోడియం ఫాస్ఫేట్ మందు తాగాల్సింది కొంచెమే కాబట్టి సుఖంగా కనిపిస్తుంది. కానీ అది మూత్రపిండాలను దెబ్బతీయవచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు, మూత్రం వచ్చే మాత్రలో కొన్ని రకాల బీపీ మాత్రలో వాడుతున్నవాళ్లు చేతికిచ్చిన మందు ఏదో పేరు చదివి అడగాలి.

పొడి కలిపిన రెండు లీటర్లూ ఒకేసారి తాగించడం పాత పద్ధతి. సగం ముందు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రపడుతుందని ఇప్పుడు గట్టిగా రుజువైంది. పరీక్షకు రెండు గంటల ముందే ఆఖరి గుక్క అయిపోవాలి. చల్లగా చేసుకుని, నిమ్మరసం పిండుకుని, పావుగంటకో గ్లాసు చొప్పున తాగితే వాంతి రాదు. చివరికి విరేచనం లేత పసుపు రంగులో, అడుగు కనిపించేంత తేటగా వస్తే పని అయినట్టు.

షుగరు మాత్రల దగ్గరే అసలు జాగ్రత్త పడాలి. గుంటూరులో ఉండే ఒక 58 ఏళ్ల ఉద్యోగిని ఊహించుకుందాం. ఏ మాత్రలు వాడుతున్నారండీ అని ఆసుపత్రిలో అడిగితే ‘షుగరుకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అంటారు. స్ట్రిప్ తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదివితే ఆ ఒక్క మాత్రలో రెండో మూడో మందులు బయటపడతాయి. గ్లిమెపిరైడ్‌తో మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్‌తో సిటాగ్లిప్టిన్ ఇలా కలిపి చేసిన మాత్రలు మన మందుల షాపుల్లో నిండా ఉన్నాయి. ఒక్కో మందును ఆపాల్సిన సమయం ఒక్కోటి. కాబట్టి నోటితో చెప్పే బదులు స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మేలు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి మనిషి తిన్నాడా లేదా అని చూడవు, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటాయి. ఘనాహారం ఆపిన రోజున వీటిని వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు అంతగా పడదు, కానీ ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు నలిగే రోజున దాన్నీ పక్కన పెట్టిస్తారు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి. ఇవి మంచి మందులు. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయి. మన దేశంలో మొదటిదాని పేటెంటు 2020లో, రెండోదాని పేటెంటు 2025లో తీరిపోవడంతో ధర తగ్గి బాగా వాడకంలోకి వచ్చాయి. ఇవి రక్తంలోని గ్లూకోజును మూత్రంలోకి వదిలేస్తాయి. తిండి ఆగిన రోజున కూడా ఆ పని ఆగదు. శరీరం పస్తు పడ్డాననుకుని కొవ్వును కరిగిస్తుంది, కీటోన్లు పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఈ ప్రమాదంలో షుగరు 400, 500 చూపించదు. గ్లూకోమీటరులో 160 అని కనిపిస్తుంటే అంతా బాగుందనుకుంటాం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే పేగు శుభ్రం చేసే మందు పడలేదేమో అనుకుంటాం. ఎవరికీ అనుమానం రాదు. అందుకే ముందే అనుకుని చేసే శస్త్రచికిత్సలకు మూడు రోజుల ముందునుంచి వీటిని ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. ఉపవాసంతో కూడిన కొలనోస్కోపీకి కూడా చాలామంది డాక్టర్లు అదే పాటిస్తారు. ముందు రోజు గుర్తొస్తే ఆలస్యమైనట్టే. అప్పుడు దాచుకోకుండా ఫోన్ చేసి చెప్పాలి.

వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల కథ వేరు. ఇవి పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. మత్తులో ఉండగా పొట్టలో మిగిలింది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం వీటిని ఒక వారం ముందు ఆపమంది. 2024లో మరికొన్ని సంఘాలతో కలిసి, చాలామంది ఆపక్కర్లేదని, ప్రమాదం ఎక్కువున్నవాళ్లు ముందు 24 గంటలు ద్రవాహారం మీద ఉంటే సరిపోతుందని మార్చింది. వికారం, కడుపుబ్బరం ఉన్నవాళ్లను, మోతాదు ఈమధ్యే పెంచుకున్నవాళ్లను మాత్రం విడిగా చూడాలి. ఇదే టిర్జెపటైడ్‌ను 2024 డిసెంబరులో అమెరికాలో ఊబకాయంతోపాటు స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు చికిత్సగా అనుమతించారు. అంటే షుగరుకు, గురకకు ఒకే ఇంజెక్షన్ వాడేవాళ్లు ఇక మత్తు డాక్టరు ముందుకు వస్తూనే ఉంటారు.

ఇన్సులిన్ వాడేవాళ్లు సొంతంగా మానేయడం తగదు, ముఖ్యంగా చిన్నప్పటినుంచి ఇన్సులిన్ మీదే ఉన్న టైప్ 1 వాళ్లు. భోజనానికి ముందు వేసుకునే సూది భోజనం లేనప్పుడు ఉండదు. రోజంతా పనిచేసే సూది తగ్గుతుంది గానీ ఆగదు. రెండూ కలిసిన 30/70 రకానికి ఎంత తగ్గించాలో షుగరు డాక్టరే యూనిట్లతో సహా కాగితం మీద రాసివ్వాలి. ‘కొంచెం తగ్గించుకోండి’ అన్న మాటతో ఇంటికి రావద్దు.

పరీక్షకు ముందు ఘనాహారం ఆపి ద్రవాలే తీసుకునే రోజున షుగరు వాళ్లు తెలియక చేసే పని ఇంకొకటుంది. తీపి అంటేనే భయంతో రోజంతా ఉత్త నీళ్లు, పాలు లేని చప్పటి టీ తాగుతారు. సాయంత్రానికి షుగరు 60కి వస్తుంది. ఆ రోజు తీపి ద్రవాలే భోజనం. భోజన వేళకు సుమారు 45 గ్రాముల పిండిపదార్థం అందాలి. వడగట్టిన యాపిల్ రసం రెండు గ్లాసులు దాదాపు అంతకు వస్తాయి. గ్లాసు కొబ్బరినీళ్లలో ఉండేది 10 గ్రాముల లోపే. పైగా పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకు వద్దు. చారును గుడ్డలో వడగట్టి తేట తాగితే ఉప్పు అందుతుంది, నోటికీ హాయి. ఎర్ర రంగు, ఊదా రంగు పానీయాలు మాత్రం వద్దు, పేగులో అవి రక్తంలా కనిపిస్తాయి. మూడు నాలుగు గంటలకోసారి గ్లూకోమీటరుతో చూసుకోవాలి. వేలు కడుక్కుని మరీ చూసుకోవాలి, ఎందుకంటే గ్లూకోజు పొడి కలిపిన చేత్తోనే పొడుచుకుంటే లేని షుగరు కనిపిస్తుంది. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. పరీక్షకు రెండు గంటల లోపల తగ్గినా సరే తాగాల్సిందే, తాగాక ఆసుపత్రికి చెప్పాల్సిందే. పరీక్ష కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఇన్ని జాగ్రత్తలుంటాయి కాబట్టే షుగరు వాళ్లు పొద్దున మొదటి కేసుగా తేదీ అడగాలి.

గొంతు దగ్గరికి వద్దాం. ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న దారికి ఎముకల ఆసరా లేదు, కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. కొబ్బరిబొండంలో నానిపోయిన కాగితపు స్ట్రాను గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోయినట్టు, ఇరుకు గొంతున్నవాళ్లకు ఊపిరి లాగినకొద్దీ దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు గాలి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. గాలి ఆగడాలు, బాగా తగ్గిపోవడాలు కలిపి గంటకు 30కి మించితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ ముక్కు మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచొచ్చని చూపించారు. ఇవాళ్టి సీప్యాప్ మిషన్ చేసేది అదే.

మత్తు మందు దీని మీద రెండు దెబ్బలు వేస్తుంది. మన దగ్గర కొలనోస్కోపీకి తరచుగా వాడే ప్రోపోఫాల్, పాలలా తెల్లగా ఉండే మందు, గొంతు కండరాలను నిద్రకంటే ఎక్కువగా సడలిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఊపిరి ఆగినప్పుడు మెదడు మేలుకునే గుణాన్ని అణిచేస్తుంది. ఇంట్లో రాత్రికి వందసార్లు ఊపిరి ఆగినా బతికి బట్టకట్టేది ఆ మెలకువ వల్లే. మిడజోలామ్‌కు, ఫెంటనిల్‌కు విరుగుడు సూదులున్నాయి, ప్రోపోఫాల్‌కు లేదు. అయితే అది నిమిషాల్లో దిగిపోతుంది, అందుకే అనుభవమున్న మత్తు డాక్టరు చేతిలో అది మంచి మందే.

అక్కడ మెలకువ స్థానంలో ఉండాల్సింది ఒక తెర. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంది. కానీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన మనిషికి ఊపిరి ఆగాక కూడా కాసేపటిదాకా ఆ అంకె 98 దగ్గరే ఉంటుంది. కాప్నోగ్రాఫ్ అలా కాదు. వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి ప్రతి ఊపిరికీ ఒక మెట్టు గీస్తుంది. ఊపిరి ఆగగానే గీత చదునవుతుంది. అమెరికా మత్తు వైద్యుల సంఘం 2011 నుంచి మత్తు కేసుల్లో దీన్ని ప్రమాణంగా పెట్టింది. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు ‘కాప్నోగ్రాఫ్ ఉందా, మత్తు డాక్టరు పరీక్ష అయ్యేదాకా పక్కనే ఉంటారా’ అని ముందే అడగొచ్చు, అడగాలి. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడే చోటు కాదిది. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి ఈ పరీక్ష చేస్తారు కాబట్టి నాలుక వెనక్కి జారడం కొంత తగ్గుతుంది, అది కలిసొచ్చే విషయం. చేతికి షుగరు సెన్సర్ అతికించుకున్నవాళ్లకు మాత్రం ఇక్కడో తిరకాసుంది. ఎడమ చేతి మీద ఉంటే ఒంటి బరువుకు అది నొక్కుకుని లేని తగ్గుదలను చూపిస్తుంది. కుడి చేతికి మార్చుకోవాలి, లేదా వేలి చుక్కతో సరిచూడమని చెప్పాలి.

మత్తు లేకుండా చేయించుకునే దారి కూడా ఉంది. నార్వేలో చాలామంది అలాగే చేయించుకుంటారు. గాలికి బదులు నీళ్లు నింపుతూ స్కోపును ముందుకు నడిపితే నొప్పి తగ్గుతుంది. ఆప్నియా తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇది అడిగి తెలుసుకోదగ్గ విషయం.

ఇక జబ్బుందని తెలియనివాళ్లు. గురకను మన ఇళ్లలో గాఢనిద్రకు గుర్తు అనుకుంటారు. గురక పెట్టేవాళ్లకు తమ ఊపిరి ఆగుతున్నట్టు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. ‘మావారు నిద్దట్లో ఊపిరి బిగబట్టేస్తారండీ, కాసేపటికి ఉలిక్కిపడి లేస్తారు’ అని ఆ గుంటూరు ఉద్యోగి భార్య చెప్పే ఒక్క మాట మత్తు డాక్టరుకు చాలా పరీక్షల కంటే విలువైనది. టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ఎనిమిది ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేసింది: గట్టి గురక, పగలు అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవాళ్లు కావడం. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే బలంగా అనుమానించాలి. అయితే దవడ చిన్నగా ఉండే ఆసియా మనుషుల్లో లావు లేకపోయినా ఈ జబ్బు వస్తుంది. సన్నగా ఉన్నారు కదా అని తోసేయకూడదు.

సీప్యాప్ వాడేవాళ్లకు పరీక్ష ముందు రాత్రి ఒక ఇబ్బంది ఉంది. పదిసార్లు బాత్రూముకు పరుగెత్తే రాత్రి మాస్కు ఎందుకులే అని తీసి పక్కన పెట్టేస్తారు. సరిగ్గా ఆ రాత్రే అది కావాలి. ఊపిరి ఆగుతూ గడిపిన రాత్రి తర్వాత బీపీ, షుగరు పెరుగుతాయి, నిద్రలేమి మీద మత్తు మరింత గట్టిగా పట్టేస్తుంది. మొదటి లీటరు సాయంత్రం ఐదింటికే మొదలుపెడితే పదింటికి పేగు నెమ్మదిస్తుంది. పరీక్ష తొమ్మిదింటికైతే రెండో లీటరుకు నాలుగింటికి లేవాలి. ఈ మధ్యలో ఐదారు గంటలు మాస్కుతో పడుకోవచ్చు. అర్జంటుగా లేవాల్సి వస్తే తలపట్టీలు విప్పక్కర్లేదు. చాలా మాస్కుల్లో ముక్కు ముందున్న మలుపు దగ్గర గొట్టం ఊడి వస్తుంది. మాస్కు ముఖానికే ఉంచుకుని వెళ్లి, తిరిగొచ్చి టక్కున తగిలించుకోవచ్చు. పొద్దున మిషను, మాస్కు, కరెంటు అడాప్టరు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరీక్ష అయ్యాక మత్తు దిగేదాకా నిద్రపోయే ఆ గంటలో అవసరం పడొచ్చు.

పరీక్ష తర్వాత వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. మిగతావాళ్లకంటే ఎక్కువసేపు ఉంచితే విసుక్కోవద్దు. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్రమాత్రలు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వద్దు, మధ్యాహ్నం కునుకుకైనా సీప్యాప్ ఉండాలి. 24 గంటలు బండి నడపకూడదు. షుగరు మాత్రలు మామూలుగా తినడం మొదలయ్యాకే మళ్లీ వేసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ జాతికైతే తిండి, నీళ్లు రెండూ కుదుటపడాలి.

జబ్బుందని తెలియకుండా వెళ్లినవాళ్లకు మత్తులో ఊపిరి ఆగిందనో, గడ్డం ఎత్తి పట్టుకోవాల్సి వచ్చిందనో ఎవరైనా చెబితే, ఆ సంగతి డిశ్చార్జి కాగితం మీద రాసిమ్మని అడగండి. దాంతో ఊపిరితిత్తుల డాక్టరునో ఈఎన్‌టీ డాక్టరునో కలిస్తే నిద్ర పరీక్ష రాస్తారు. చాలామందికి ఇంట్లోనే చేసే పరీక్ష సరిపోతుంది: ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకుని సొంత మంచం మీద ఒక రాత్రి పడుకుంటే చాలు.